ఆ టార్క్ రెంచ్ ఆ రాత్రి హ్యాంగర్‌లో లేదు

పేరు, ఊరు, సంస్థ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకుడు పొడవైన ఉత్తరం పంపారు. దాని సారాంశం ఇది.

ఆయన పదకొండేళ్లుగా విమానాల నిర్వహణలో ఉన్న లైసెన్సు ఇంజినీరు. నాలుగేళ్ల నుంచి ఇన్‌స్పెక్టర్ స్టాంపు కూడా ఆయన దగ్గర ఉంది. విమానానికి చేసే ఒక పెద్ద చెక్ (తనిఖీ, మరమ్మతు) ముగింపుకొచ్చిన రాత్రి, ఆయన తమ్ముడిలా చూసుకునే సహోద్యోగి ఒకరు ప్రధాన ల్యాండింగ్ గేర్ తలుపును తిరిగి బిగించారు. హింజ్ (తలుపు కీలు) దగ్గర నాలుగు బోల్టులు, చేయాల్సిన పని వరుసగా రాసి ఉండే వర్క్ కార్డులో 14 స్టెప్పులు. పని చేసినవారి సంతకానికి ఒక వరుస, ఇన్‌స్పెక్టర్ స్టాంపుకు మరో వరుస ఉన్నాయి. వాటిలో రెండు స్టెప్పులను, అంటే నిర్ణీత టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించడాన్నీ, బోల్టు ఊడకుండా లాక్ వేయడాన్నీ ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూడాలని కార్డులోనే రాసి ఉంది. షిఫ్టు ముగియడానికి పది నిమిషాల ముందు కార్డు ఆయన చేతికి వచ్చింది. టూల్ ట్రాలీ మీద పెట్టుకుని 14 స్టాంపులూ వరుసగా వేసేశారు. చివరి రెండింటికి ఇంకు సరిగా పడకపోతే మళ్లీ అద్ది వేశారట. మర్నాడు విమానం వెళ్లిపోయింది.

వారం తరువాత వేరే పని మీద రికార్డుల గదికి వెళ్లినప్పుడు ఆ కార్డు కంటబడింది. టార్క్ స్టెప్పు పక్కన రాసిన టార్క్ రెంచ్ (ఆ బలాన్ని కొలిచి బిగించే సాధనం) నెంబరు ఆయనకు బాగా తెలిసినదే, ఎందుకంటే ఆ రెంచ్‌ను కాలిబ్రేషన్‌కు (కొలత సరిచూడటానికి) పంపే చీటీ రాసింది ఆయనే. ఆ పని జరగడానికి ముందురోజే అది బయటికి వెళ్లి, ఐదు రోజుల తరువాత తిరిగి వచ్చింది. ఆ రాత్రి ఆ రెంచ్ హ్యాంగర్‌లోనే లేదు. సహోద్యోగిని అడిగితే, "బిగించాను అన్నా, నెంబరు మాత్రం అలవాటు కొద్దీ రాసేశాను" అన్నారు. మరి ఏ రెంచ్‌తో బిగించారంటే గుర్తులేదన్నారు. సూపర్‌వైజర్‌కు చెబితే, "ఇది ఉత్త కాగితం పొరపాటు, ఆ గడిలో వేరే నెంబరు రాసేస్తే సరిపోతుంది" అని తేల్చేశారు. వచ్చే నెలలో ఈయన ఆథరైజేషన్ (ఈ పనికి సంస్థ ఇచ్చే అనుమతి) రెన్యువల్ ఉంది. సహోద్యోగి మీద ఇప్పటికే ఒక హెచ్చరిక లేఖ ఉంది. ఈ విషయం కనిపెట్టి రెండు రోజులైందనీ, రెండు రాత్రులూ నిద్ర లేదనీ రాశారు.

ఆయన అడిగినవి మూడు ప్రశ్నలు. ఇది కాగితం తప్పా, పని తప్పా? పైకి చెబితే తమ్ముడిలాంటి వాడికి ద్రోహం చేసినట్టు కాదా? ఆ విమానం మళ్లీ రాత్రి బసకు వచ్చినప్పుడు తానే వెళ్లి, సరైన రెంచ్‌తో ఆ నాలుగు బోల్టులూ చూసి, ఎవరికీ చెప్పకుండా ముగించవచ్చా?

సమాధానం:

మీ ఉత్తరం అందిన రోజే నేను విడిగా రెండు వాక్యాల జవాబు పంపాను. విమానం ఎగురుతూనే ఉంది కనుక, ఆ తలుపు బోల్టుల టార్క్ నిర్ధారణ కాలేదన్న సంగతి ముందు మెయింటెనెన్స్ కంట్రోల్‌కు (విమానాల నిర్వహణను పర్యవేక్షించే విభాగానికి) చెప్పండనీ, మిగిలినవన్నీ ఆ తరువాత మాట్లాడుకుందామనీ రాశాను. సాధారణంగా ఈ శీర్షికలో ఫలానాదే చేయండని చెప్పను. ఆ ఒక్క విషయంలో మాత్రం చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ మిగిలిన సంగతుల గురించి.

మీ మొదటి ప్రశ్నలోనే ఒక చిక్కుముడి ఉంది. కాగితం తప్పా, పని తప్పా అని అడిగారు. ఆ రెండింటిలో ఏదో తేల్చగల ఆధారం ప్రస్తుతం మీ దగ్గర గానీ, మీ సూపర్‌వైజర్ దగ్గర గానీ లేదు. మీ సహోద్యోగి కాలిబ్రేషన్ గడువులో ఉన్న మరో రెంచ్‌తో సరిగానే బిగించి ఉండవచ్చు. గడువు దాటిన రెంచ్‌తో బిగించి ఉండవచ్చు. మామూలు స్పానర్‌తో చేతి అంచనా మీద బిగించి ఉండవచ్చు. రెండు బోల్టులు బిగించాక ఎవరో పిలిస్తే వెళ్లి, తిరిగి వచ్చి నాలుగూ అయిపోయాయనుకుని ఉండవచ్చు. ఈ నాలుగు సందర్భాల్లోనూ కార్డు మాత్రం ఇప్పుడున్నట్టే ఉంటుంది: అదే నెంబరు, అదే సంతకం, అదే స్టాంపు. అందువల్ల "ఉత్త కాగితం పొరపాటు" అన్న మాట విచారణ ముగిశాక చెప్పదగినదే తప్ప, విచారణ అక్కర్లేదనడానికి కారణంగా చూపదగినది కాదు. మీ సూపర్‌వైజర్ ముగింపును తెచ్చి మొదట పెట్టారు.

అలవాటు కొద్దీ నెంబరు రాశానన్న మాటను నేను అబద్ధమని కొట్టిపారేయను. అలవాటు ఎంత బలమైనదో ఈ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. 1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855వ విమానం 172 మందితో మయామీ నుంచి బహమాస్‌లోని నసావుకు బయలుదేరింది. అది మూడు ఇంజన్ల ఎల్-1011. ముందురోజు రాత్రి మూడు ఇంజన్లలోనూ చిప్ డిటెక్టర్లు (ఆయిల్‌లో లోహపు రేణువులను పట్టే పరికరాలు) మార్చారు. ఫోర్‌మన్ గదిలోని బీరువా నుంచి తెచ్చుకునే డిటెక్టర్లకు ఎప్పుడూ ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే వలయాలు) వేసే ఉండేవి. ఆ రాత్రి అక్కడ లేకపోతే స్టోరు నుంచి తెచ్చారు. స్టోరువాటికి రింగులు లేవు. కొత్త ఓ-రింగులు వేయాలని వర్క్ కార్డులో రాసే ఉంది, కానీ ఎప్పుడూ ఉండేవే కదా అన్న నమ్మకంలో ఎవరూ చూడలేదు. గాలిలో మూడు ఇంజన్లలోనూ ఆయిల్ కారిపోయింది. మొదట ఒకదాన్ని ఆపేశారు, వెనక్కి వస్తుండగా మిగిలిన రెండూ ఆగిపోయాయి. సుమారు 13,000 అడుగుల నుంచి 4,000 అడుగుల దాకా విమానం ఏ ఇంజనూ లేకుండా దిగింది. ముందు ఆపిన ఇంజన్ చివరికి తిరిగి అంటుకోవడంతో మయామీలో దిగగలిగారు, అందరూ బతికారు. అమెరికా రవాణా భద్రతా మండలి తన నివేదికలో మెకానిక్‌ల పొరపాటు దగ్గరే ఆగలేదు. పద్ధతి ప్రకారం చేయించని సూపర్‌వైజర్ల వైఫల్యాన్నీ, అంతకుముందు ఇలాంటివే జరిగినా వాటి తీవ్రతను పట్టించుకోని యాజమాన్యాన్నీ కారణాల్లో చేర్చింది.

ఈ కథలో మీకు పనికివచ్చేది ఆ చివరి మాటే. పెద్ద ముప్పుకు ముందు అలాంటివే చిన్నవి జరిగాయి, ప్రతిసారీ ఎవరో ఒకరు సర్దేశారు. మీరిప్పుడు ఆ చిన్నవాటిలో ఒకదాని దగ్గర నిలబడి ఉన్నారు.

రాయకపోవడం వల్ల ఏమవుతుందో చెప్పడానికి మరొకటి. 1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 కూలి 14 మంది చనిపోయారు. ముందురోజు రాత్రి తోక పైభాగంలో ఎడమవైపు అంచు మీది 47 స్క్రూలు తీశారు. షిఫ్టు మారింది. స్క్రూలు తీసినట్టు వచ్చినవారికి సరిగా చెప్పలేదు, కార్డులో రాయలేదు. కింద నిలబడి చూస్తే అవి లేవని కనబడవు కూడా. స్క్రూ తీయడం తప్పు కాదు, అది పనిలో భాగమే. తీసినట్టు కాగితం మీద లేకపోవడంతో విమానం సిద్ధమైందని తరువాతివారు అనుకున్నారు. మన పనిలో రాత్రి షిఫ్టువాళ్లు చేసింది పగటి షిఫ్టువాళ్లకు కనబడేది కాగితంలోనే.

ఇక మీ స్టాంపు సంగతి. కాస్త కటువుగా అనిపిస్తే మన్నించండి. మీ ఉత్తరంలో సహోద్యోగి పొరపాటు గురించి మూడు పేజీలున్నాయి, ఆ 14 స్టాంపుల గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఇన్‌స్పెక్టర్ ప్రతి బోల్టునూ పక్కన నిలబడి చూడాలని ఎవరూ అనరు. పన్నెండు స్టెప్పులకు పనివాడి సంతకం మీద నమ్మకం ఉంచడం మీ సంస్థ పద్ధతిలో చెల్లవచ్చు. కానీ దగ్గరుండి చూడాలని రాసి ఉన్న ఆ రెండు స్టెప్పులకు స్టాంపు అంటే "నేను చూశాను" అని అర్థం, మీరు చూడలేదు. రెంచ్ నెంబరు తప్పు పడినా ఆ రాత్రే పట్టుబడేందుకు పెట్టిన అడ్డుకట్ట అదే. మీరు అక్కడ నిలబడి ఉంటే చేతిలో ఏ రెంచ్ ఉందో మీకు కనబడేది. 2003 జనవరి 8న షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ 5481 కూలి 21 మంది చనిపోయారు. అందులో బరువు అంచనాల లోపం కూడా కలిసింది గానీ, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ కేబుల్ సర్దుబాటులో కొన్ని స్టెప్పులు వదిలేస్తే అందుకు ఇన్‌స్పెక్టరే ఒప్పుకున్నారన్న సంగతి ఆ విచారణలో బయటపడింది. ఒకరి పనిని మరొకరు చూడాలన్న నియమం ఉన్నచోట ఆ ఇద్దరూ ఒకే మాట మీదుంటే, చూసినవాడు ఒక్కడైనా లేనట్టే.

మీరు ఒక్కరే ఇలా చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. షిఫ్టు చివర కార్డులన్నీ ఒకచోట పోగేసి వరుసగా స్టాంపులు వేయడం మీ హ్యాంగర్‌లో ఆనవాయితీ అయి ఉంటుంది. కెనడాకు చెందిన గోర్డన్ డుపాంట్ 1990ల తొలినాళ్లలో నిర్వహణ తప్పులకు 12 కారణాల జాబితా ఒకటి తయారుచేశారు. శిక్షణ తరగతుల్లో మీరూ చూసే ఉంటారు. అలసట, ఒత్తిడి లాంటి వాటి సరసన, రాతలో లేకుండా అందరూ పాటించే ఆనవాయితీని కూడా ఆయన చేర్చారు. ఆ తరగతిలో మనమందరం తల ఊపి, ఆ రాత్రే మళ్లీ అదే చేస్తాం. నేను క్వాలిటీ విభాగానికి మారకముందు షిఫ్టుల్లో పనిచేసిన రోజుల్లో నేనూ వేశాను, అందుకే ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఊరుకోవడం ఒక దారి. బోల్టులు బాగానే ఉంటే ఏమీ జరగకపోవచ్చు, ఉండకపోవడం కంటే ఉండే అవకాశమే ఎక్కువ కూడా. కానీ కాలిబ్రేషన్ చీటీ మీద మీ సంతకం ఉంది, కార్డు మీద మీ స్టాంపు ఉంది. ఏ ఆడిటర్ అయినా ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మీరు అడగాల్సిన ప్రశ్న ఆయనే అడుగుతాడు. అప్పుడు మీకు ముందే తెలుసన్న సంగతి ఇద్దరికి తెలిసి ఉంటుంది.

సూపర్‌వైజర్ చెప్పినట్టు గడి మార్చి రాయడం రెండో దారి. ఇది అన్నిటికంటే తేలిగ్గా కనబడుతుంది, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. ఏ నెంబరు రాస్తారు? ఆ రాత్రి ఏ రెంచ్ వాడారో తెలియనప్పుడు మీరు రాసే ప్రతి నెంబరూ కల్పితమే. ఇప్పటివరకు జరిగినవి, నెంబరు తప్పు రాయడమైనా, చూడకుండా స్టాంపు వేయడమైనా, తెల్లవారుజామున అలసటలో, తొందరలో జరిగినవి. ఇది మాత్రం పట్టపగలు, అన్నీ తెలిసి చేసేది. ఈ తేడాను చట్టం కూడా గుర్తిస్తుంది. అమెరికా నిబంధనల్లో నిర్వహణ రికార్డులో మోసపూరితంగా లేదా ఉద్దేశపూర్వకంగా అబద్ధం రాయడాన్ని ప్రత్యేకంగా నిషేధించి, లైసెన్సును రద్దు చేయగల తప్పుగా పెట్టారు. మిగతా దేశాల్లోనూ దీన్ని చిన్న తప్పుగా చూసే చోటు నాకు తెలియదు. పాత రాతను దిద్దవలసి వస్తే దానికొక మర్యాద ఉంది: పాతది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి, దిద్దిన రోజు తేదీ వేసి, దిద్దినవారు సంతకం చేయాలి. మీ విషయంలో పక్కన రాయడానికి ఆ నిజమే ఇంకా తెలియదు.

మూడోది మీరు అడిగిన దారి, రాత్రి వెళ్లి మీరే చూసుకోవడం. ఈ ఆలోచన మీలోని మంచి ఇంజినీరు చేసిందని నాకు తెలుసు. అయినా దాని పర్యవసానాలు చూడండి. బిగించి ఉన్న బోల్టు మీద రెంచ్ పెట్టి క్లిక్ వినబడితే, టార్క్ కనీసం అంత ఉందని తెలుస్తుందే తప్ప, అంతకంటే ఎక్కువ బిగించలేదని తెలియదు. మామూలు స్పానర్‌తో బలంగా బిగించి ఉంటే మీ పరీక్షలో అది చక్కగా నెగ్గుతుంది. వదులు చేసి తిరిగి బిగించాలా, సెల్ఫ్ లాకింగ్ నట్టు అయితే మార్చాలా, లాక్ తీసి కొత్తది వేయాలా అన్నవి మాన్యువల్, ఇంజినీరింగ్ విభాగం చెప్పాల్సినవి. పైగా కార్డు లేకుండా విమానం మీద చేయి వేయడం రికార్డులో లేని మరో పని అవుతుంది. ఒకవేళ ఒక బోల్టు వదులుగా కనబడిందనుకోండి, దాన్ని బిగించి వచ్చేస్తారా? అప్పుడు మీకు తెలిసిన నిజం మరీ బరువైనదవుతుంది, చెప్పే దారి మరీ మూసుకుపోతుంది.

ఆ దారిని ఒప్పుకోలేకపోవడానికి ఇంకా పెద్ద కారణం వేరే ఉంది, మీ ఉత్తరంలో అది ఎక్కడా కనబడలేదు. మీ సహోద్యోగి ఆ నెంబరును అలవాటు కొద్దీ రాస్తారంటే, ఆ రెంచ్ బయట ఉన్న ఐదు రోజుల్లో ఆయన ఇంకెన్ని కార్డుల మీద అదే రాశారు? ఆ కార్డులు ఏయే విమానాలవి? ఇంకెవరైనా అలా రాస్తున్నారా? మీరు రాత్రిపూట నాలుగు బోల్టులు చూసుకోగలరు గానీ, ఈ ప్రశ్నలకు ఒంటరిగా జవాబు తేలేరు. ఆ తేదీల మధ్య ఆ నెంబరు పడిన ప్రతి కార్డునూ బయటికి తీయించగలిగేది క్వాలిటీ విభాగం ఒక్కటే.

నాలుగో దారి సంస్థ లోపలే రిపోర్టు ఇవ్వడం. విమానం సంగతి మెయింటెనెన్స్ కంట్రోల్‌కు, రికార్డు సంగతి క్వాలిటీకి లేదా సేఫ్టీ విభాగానికి. దీనికి మూల్యం లేదని నేను చెప్పను. మీ ఇన్‌స్పెక్టర్ స్టాంపును కొంతకాలం వెనక్కి తీసుకోవచ్చు, మళ్లీ శిక్షణకు పంపవచ్చు, వచ్చే నెల రెన్యువల్ ఆలస్యం కావచ్చు, సూపర్‌వైజర్ మాట్లాడటం మానేయవచ్చు. దానికి ఎదురుగా, తప్పును తానే బయటపెట్టినవాడు అన్న సంగతి మీ పేరిట తేదీతో సహా నమోదవుతుంది. అది ఎంతవరకు కాపాడుతుందన్నది మీ సంస్థ తీరును బట్టి ఉంటుంది. పొరపాటును, ఉద్దేశపూర్వక ఉల్లంఘనను వేరుచేసి చూసే సంస్థ అయితే చాలావరకు కాపాడుతుంది. ప్రతి రిపోర్టుకూ ఒక దోషిని వెతికే సంస్థ అయితే అంతగా కాపాడదు. అది ఎలాంటిదో పదకొండేళ్లలో మీకే తెలిసి ఉంటుంది.

లోపల నమ్మకం లేకపోతే బయటి దారి ఉంది. మీరు ఏ దేశపు లైసెన్సుతో పనిచేస్తున్నారో రాయలేదు కనుక రెండు ఉదాహరణలు ఇస్తాను. ఐరోపా సమాఖ్య 376/2014 నిబంధన ప్రకారం, తప్పనిసరిగా తెలపాల్సిన ఘటనలను తెలిసిన 72 గంటల్లోపు రిపోర్టు చేయాలి. ఉద్దేశపూర్వక తప్పు, ఘోర నిర్లక్ష్యం కాని వాటికి రిపోర్టు చేసినవారికి రక్షణ ఉంది. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న రహస్య రిపోర్టింగ్ వ్యవస్థ ఉంది. తెలియక జరిగిన ఉల్లంఘనను 10 రోజుల్లోపు అక్కడ రాస్తే, కొన్ని షరతులకు లోబడి జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. అయితే రహస్య రిపోర్టు ఆ విమానాన్ని ఆపదు, బోల్టును ఎవరితోనూ చూపించదు. అందుకే దాన్ని లోపలి రిపోర్టుకు తోడుగా వాడుకోండి, దాని బదులుగా కాదు. మీ దేశంలో గడువు ఎంతో ఈరోజే తెలుసుకోండి. ఒకవేళ దాటిపోయి ఉంటే, దాటిందన్న సంగతి కూడా రిపోర్టులో రాసి ఇవ్వండి. యూనియన్ గానీ, వృత్తి సంఘం గానీ ఉంటే, మీ స్టాంపు గురించి లిఖితపూర్వక వాంగ్మూలం ఇచ్చేముందు వారితో గానీ, న్యాయవాదితో గానీ మాట్లాడటం మంచిది. ఆ మాటల కోసం విమానం సంగతిని మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు.

ద్రోహం అన్నారు. మీ సహోద్యోగికి తెలియకుండా, ఆయన పేరు మాత్రమే రాసి, మీ స్టాంపు మాట దాచిపెడితే అది ద్రోహమే అవుతుంది. మీరు చేయగలిగింది మరొకటుంది. రిపోర్టు ఇచ్చేముందు ఆయన దగ్గర కూర్చుని, "నేను చూడకుండా స్టాంపు వేశానని రాస్తున్నాను, నెంబరు సంగతి నువ్వే రాస్తావా, ఇద్దరం కలిసి ఇద్దామా?" అని అడగండి. హెచ్చరిక లేఖ ఉన్న మనిషికి, ఆడిట్‌లో పట్టుబడటం కంటే తానే చెప్పుకోవడం చాలా మేలు. ఒప్పుకోకపోయినా మీరు అడిగిన సంగతి మిగులుతుంది. ఆయన ఒప్పుకునే దాకా ఆగుతానని మాత్రం మాట ఇవ్వకండి.

ఆయనకు మేలు చేయగల కాగితం ఒకటి ఉంది. టూల్ స్టోరులో ఎవరు ఏ రెంచ్ ఎన్ని గంటలకు తీసుకున్నారో రాసే రిజిస్టరు ఉంటుంది కదా. ఆ రాత్రి ఆయన సంతకంతో, గడువులో ఉన్న వేరే రెంచ్ బయటికి వెళ్లినట్టు అందులో ఉంటే, ఆయన మాటకు బలం వస్తుంది, "కాగితం పొరపాటు" అన్నదీ అప్పుడు నిజంగా నిలబడవచ్చు. ఏ రెంచూ తీసుకోనట్టు ఉంటే, మీరంతా వేరే ప్రశ్న అడగవలసి వస్తుంది. మీరు స్వయంగా వెళ్లి ఆ పేజీలు తిరగేయవద్దు, మీకు ఆ వ్యవహారంలో పాత్ర ఉంది కనుక. ఆ రిజిస్టరు చూడమని రిపోర్టులో ఒక వాక్యం రాయండి చాలు.

రిపోర్టు పొడవుగా ఉండనక్కర్లేదు. కార్డు నెంబరు, తేదీ, రాసి ఉన్న రెంచ్ నెంబరు, అది కాలిబ్రేషన్‌కు వెళ్లిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ, దగ్గరుండి చూడవలసిన రెండు స్టెప్పులను మీరు చూడలేదన్న వాక్యం, ఇది మీకు ఎప్పుడు ఎలా తెలిసిందీ ఉంటే సరిపోతుంది. సూపర్‌వైజర్ ఏమన్నారో కూడా, విశేషణాలేమీ లేకుండా, ఆయన మాటల్లోనే రాయండి. రాసే ముందు ఒకసారి ఆయనకు చెప్పడం మర్యాద. గడి మార్చమన్న సలహాను తనంతట తానే వెనక్కి తీసుకునే అవకాశం ఆయనకూ దొరుకుతుంది. "కాకపోవచ్చు", "అయి ఉంటుంది" లాంటి మాటలు రిపోర్టులోకి రానివ్వకండి. మీకు తెలియనిచోట తెలియదనే రాయండి. ఆ కార్డు నకలు తీసుకుని ఇంటికి పట్టుకుపోవద్దు, రికార్డుల గదిలో ఎక్కడున్నదో అక్కడే ఉండనివ్వండి. మీరు ఇచ్చిన రిపోర్టు ప్రతి మీద మాత్రం, అందుకున్నవారి సంతకం, సమయం వేయించుకుని దగ్గర పెట్టుకోండి.